మైనరు బాబులకేనా ఈ మైనరు?

తెలుగులో మైనరు అనే మాటకి ఇదివరకే రెండర్థాలున్నాయి. ఒకటి, ఈడు నిండని పిల్ల. తన గురించి తాను నిర్ణయం తీసుకునే హక్కు చట్టప్రకారం ఇంకా చేతికి రాని మనిషి. రెండోది, మైనరు బాబు. తాతలిచ్చిన ఆస్తి మీద సిల్కు లాల్చీ వేసుకుని ఏ వీధిలోకైనా అడక్కుండా షికారు వెళ్ళగలిగే మనిషి. ఈ రెండో అర్థంలో ఆ మాటని ఆడవాళ్ళకి వాడగా నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు విశ్వవిద్యాలయాలు మూడో అర్థం తెచ్చాయి. డిగ్రీలో ప్రధానంగా ఒక సబ్జెక్టు చదువుతూ, పక్కనే మరో సబ్జెక్టుని కొంత మేరకు చదివితే దాన్ని మైనరు అంటున్నారు. ఈ మూడో అర్థం కూడా మొదటి రెండింటి దారిలోనే నడుస్తోందన్నది నా ఫిర్యాదు. కొందరు ఈ మైనరు పేరుతో ఏ శాస్త్రంలోకైనా షికారు వెళ్ళొస్తున్నారు. మరికొందరు ఈడు నిండని పిల్లల్లా, తమ తరఫున ఇంకెవరో తీసుకున్న నిర్ణయాన్ని మోస్తున్నారు. ఎవరు ఎవరో వేరే చెప్పాలా?

కాగితం మీద ఏముందో ముందు చూద్దాం. 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో ఏఐసీటీఈ బీటెక్‌ని 160 క్రెడిట్లకి తగ్గించింది. ఆ పైన అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివిన వాళ్ళకి మైనర్ డిగ్రీ ఇచ్చే వీలు ఇంజనీరింగ్ కాలేజీలకి వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం కళలకీ శాస్త్రాలకీ మధ్య గట్టి గోడలుండకూడదంది. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రంలో మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో 24 మైనరువి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి ఒక మేజరు, ఒక మైనరు పద్ధతి ప్రవేశపెట్టారు. చరిత్ర చదివే అమ్మాయి రసాయనశాస్త్రం మైనరుగా తీసుకోవచ్చు, తెలుగు చదివే అమ్మాయి కంప్యూటర్లు తీసుకోవచ్చు అన్నారు. చదివి నేను నిజంగానే సంతోషించాను. పదహారేళ్ళకి పడిన గోడని పద్దెనిమిదేళ్ళకైనా దాటొచ్చు కదా అనుకున్నాను.

అప్పట్లో నేనొక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా ఉన్నాను. చరిత్ర మేజరుగా చేరిన ఒక అమ్మాయి నా గదికొచ్చింది. వాళ్ళది కనిగిరి వైపు పల్లె. కెమిస్ట్రీ మైనరు కావాలంది. ఎందుకమ్మా అంటే, "మా నాయనమ్మ మోకాళ్ళు ఎందుకు వంగిపోయినయ్యో నాకు తెలుసు మేడమ్. నీళ్ళల్లో ఫ్లోరైడు. దాన్ని ఎట్టా కొలుస్తారో మాత్రం తెలవదు. బోరు మీద ఒక అంకె రాసిపోతారు. అది నిజమో కాదో ఎట్టా చెప్పాల?" అంది. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదన్న సంగతి ఆమెకి తెలుసు. ఆ ఒకటిన్నరని ఎవరు, దేంతో, ఎట్లా చూస్తారన్నదే ఆమె ప్రశ్న. ఇంత మంచి పరిశోధనా ప్రశ్న నా పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో నా దగ్గర కూడా లేదు.

ఆమెతో కలిసి నేను కూడా తిరిగాను. కెమిస్ట్రీ సార్ మర్యాదస్తుడే. "ఇంటర్‌లో కెమిస్ట్రీ లేకుండా ఎట్లా మేడమ్? మోల్ అంటే ఏమిటో దగ్గర్నుంచి చెప్పాలి. మాకు టైమెక్కడుంది?" అన్నారు. ఆఫీసులో, మైనరుకి ఒక సెక్షను నడవాలంటే కొంతమందైనా ఉండాలి, ఈమె ఒక్కర్తే అడిగింది అన్నారు. ల్యాబు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. వాళ్ళ ఊరి చివరి బస్సు నాలుగున్నరకి. చివరికి ఆమెకి రాజనీతిశాస్త్రం మైనరుగా వచ్చింది. అది తక్కువ సబ్జెక్టని నేననను. కానీ ఆమె అడిగింది అది కాదు. ఎవరూ ఆమెని కాదనలేదు. ఎవరూ కసురుకోలేదు కూడా. అర్హత, సంఖ్య, సమయం, బస్సు, ఈ నాలుగూ కలిసి చాలా మెత్తగా కాదన్నాయి. పితృస్వామ్యం ప్రతిసారీ మీసం మెలేసి రాదు. చాలాసార్లు టైంటేబుల్ రూపంలో వస్తుంది.

అదే ఏడాది ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సాహిత్యం, సమాజం అనే ఐచ్ఛిక పాఠం చెప్పే పని దొరికింది. క్లాసు నిండా కుర్రాళ్ళు, కొద్దిమంది అమ్మాయిలు. ఎందుకు తీసుకున్నారంటే, "స్కోరింగ్ సబ్జెక్ట్ కదా మేడమ్" అన్నాడొకబ్బాయి నిజాయితీగా. వాళ్ళలో ఎవరినీ, నువ్వు ఇంతకు ముందు ఒక్క నవలైనా చదివావా అని ప్రవేశానికి ముందు అడగలేదు. సాహిత్యానికి పూర్వపరిజ్ఞానం అక్కర్లేదట. అది అందరి పెరటి చెట్టు. కెమిస్ట్రీకి మాత్రం వంశవృక్షం చూపించాలి. ఇంజనీరింగు నుంచి సాహిత్యంలోకి నడవడం విశాల దృక్పథం అవుతుంది. సాహిత్యం నుంచి ఇంజనీరింగ్‌లోకి నడవబోతే అత్యాశ అవుతుంది. గోడ తీసేశామంటున్నారు. నిజానికి ఒకవైపు నుంచి మాత్రమే తెరుచుకునే తలుపు పెట్టారు.

సైన్సు మెట్ల వారీగా నడుస్తుంది, కింది మెట్టు లేకుండా పై మెట్టు ఎక్కలేం అన్నది అబద్ధం కాదు. నేను ఆ సంగతిని తేలిగ్గా తీసేయను. కానీ మెట్టు లేనప్పుడు మెట్టు కట్టడం మనకి చేతకాదా? బీఫార్మసీ చూడండి. ఎంపీసీ నుంచి వచ్చిన వాళ్ళకి మొదటి సెమిస్టర్లో జీవశాస్త్రం, బైపీసీ నుంచి వచ్చిన వాళ్ళకి లెక్కలు, రెమెడియల్ పేరుతో పాఠ్యప్రణాళికలోనే ఉన్నాయి. రెండేళ్ళ ఇంటర్ లోటుని ఒక్క సెమిస్టర్లో పూడ్చొచ్చని ఫార్మసీ కౌన్సిల్ ఒప్పుకుంది. మందుల పరిశ్రమకి మనుషులు కావాలి కాబట్టి వంతెన కట్టుకున్నారు. చరిత్ర చదివే పల్లెటూరి పిల్ల కోసం వంతెన కట్టాల్సిన అవసరం ఏ పరిశ్రమకీ లేదు. కాబట్టి ఆమె విషయంలో అది జ్ఞాన స్వభావం అయి కూర్చుంది.

ఇంతకీ ఆ పిల్ల ఇంటర్‌లో కెమిస్ట్రీ ఎందుకు చదవలేదు? ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. పదో తరగతిలో నాకు భౌతికశాస్త్రం అంటే ప్రాణం. కటకాల పాఠం కోసం నాన్న కళ్ళజోడుతో ఎండలో కాగితాలు కాల్చి తన్నులు తిన్నాను. ఆ ఏడాదే అన్నయ్యని హాస్టలున్న కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీలో వేశారు. ఇంట్లో ఒక్క ఫీజుకే డబ్బుంది. "నీకెందుకమ్మా అంత కష్టం, హెచ్ఈసీ హాయిగా ఉంటుంది" అంది అమ్మ ప్రేమగానే. నేను సాహిత్యంలోకి వచ్చినందుకు ఈరోజు నాకు విచారం లేదు. కానీ నేను సాహిత్యాన్ని ఎంచుకున్నానని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. నేను ఎంచుకున్నది కాదు, మిగిలింది. తర్వాత దాన్ని ప్రేమించడం నేర్చుకున్నాను. మన పెళ్ళిళ్ళ గురించి కూడా మన ఆడవాళ్ళు ఇదే మాట చెప్తారు కదా!

మన రాష్ట్రాల్లో పదహారేళ్ళకి గ్రూపు ఎంచుకోవడమంటే సగం జీవితం రాసిచ్చేయడమే. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే వీలు కల్పించారు. మంచిదే. అదీ సైన్సు గడపలో ఉన్న వాళ్ళకే. హెచ్ఈసీ, సీఈసీ పిల్లలు ఆ గడప బయటే ఉన్నారు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆర్ట్స్ క్లాసులో ఎవరు కూర్చుంటారో అక్కడ పాఠం చెప్పిన వాళ్ళకి తెలుసు. దళిత, వెనకబడిన కులాల ఇళ్ళ నుంచి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయిలు. కనుక ఆర్ట్స్ నుంచి సైన్సుకి తలుపు మూయడమంటే ఆ అమ్మాయిల మీద మూయడమే. సైన్సులో ఆడపిల్లలు తక్కువేం లేరు కదా అని లెక్కలు చూపిస్తారు. నిజమే. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం సైన్సు కోర్సుల్లో ఉన్న 57.2 లక్షల మందిలో 29.8 లక్షలు స్త్రీలే. అయితే ఇంజనీరింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ సగం నిలవదు. ఐఐటీల్లో 2016లో అమ్మాయిలు నూటికి ఎనిమిది మంది. 2018 నుంచి అదనపు సీట్లు పెడితే తప్ప పెరగలేదు. సీట్లు పెట్టగానే అమ్మాయిలు వచ్చారు. అంటే లోపం అమ్మాయిల్లో లేదు, తలుపులో ఉంది.

ఈ తలుపుల చరిత్ర పాతదే. 1933లో కమలా భాగవత్, తర్వాతి రోజుల్లో కమలా సొహొనీ, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరబోతే ఆడపిల్లవి కాబట్టి వద్దన్నాడు సి.వి. రామన్. ఆమె పట్టుబడితే షరతులు పెట్టి, ఏడాది చూసి చెప్తానని చేర్చుకున్నాడు. మన అయ్యలసోమయాజుల లలిత సంగతి ఇంకా దగ్గరిది. మద్రాసు తెలుగింటి పిల్ల. పద్దెనిమిదేళ్ళకే వితంతువు, చంకలో నెలల పసిబిడ్డ. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1943లో పట్టా తీసుకుంది. తర్వాత విద్యుత్ సరఫరా లైన్లకి, సబ్‌స్టేషన్లకి డిజైన్లు గీసింది. ఆమెని ఆదర్శంగా చెప్పుకోవడం మనకి ఇష్టం. ఒక్క మాట మాత్రం మింగేస్తాం. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు ఆ కాలేజీలోనే ప్రొఫెసరు. ఆమె ప్రతిభని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. అంత ప్రతిభకి కూడా లోపల్నుంచి తలుపు తీసే మనిషి కావాల్సొచ్చిందని అంటున్నాను. కనిగిరి వైపు పల్లెలో పుట్టిన పిల్లకి లోపల ఎవరున్నారు?

ఆడవాళ్ళ కోసం మనవాళ్ళు ఒకే ఒక్క అంతశ్శాస్త్రీయ చదువుని ఎవరూ అడక్కుండానే కట్టిపెట్టారు. దాని పేరు హోమ్‌సైన్స్. అందులో రసాయనశాస్త్రం ఉంది, శరీరధర్మశాస్త్రం ఉంది, పోషకాహారం ఉంది, బట్టల సాంకేతికత ఉంది, ఆర్థికం ఉంది. నిజంగా చూస్తే ఇవాళ్టి మైనరు కంటే విశాలమైన ఆలోచన. ఎందరో మంచి శాస్త్రవేత్తలు అందులోంచి వచ్చారు. అయితే ఆ శాస్త్రాలన్నింటినీ ఒకే ఒక్క షరతు మీద స్త్రీలకిచ్చారు, తిరిగి వంటింట్లోకే తీసుకెళ్ళాలని. ఆడదాని అంతశ్శాస్త్రీయత ఇంటి గుమ్మం దగ్గర మొదలై అక్కడే ముగియాలి. మగవాడిది మాత్రం ప్రపంచం మీదకి పోవచ్చు.

ఇంతవరకు అందరూ తలాడిస్తారని తెలుసు. ఇప్పుడు అసలు తగాదా మనతోనే. సాహిత్యంలో, స్త్రీవాద అధ్యయనాల్లో ఉన్న మనం ఇరవై, ముప్ఫై ఏళ్ళుగా సైన్సుని విమర్శిస్తున్నాం. అది పురుష జ్ఞానమనీ, ఆధిపత్య జ్ఞానమనీ, ప్రకృతినీ స్త్రీనీ ఒకే తీరున లొంగదీసుకుందనీ రాశాం. వాటిలో చాలా నిజాలున్నాయి. నేనూ రాశాను. కానీ ఆ విమర్శ క్రమంగా మనకొక సౌకర్యంగా మారింది. తెలియకపోవడాన్ని తిరస్కరించడంగా చెప్పుకోవడం అలవాటైంది. నాకు సమీకరణం రాదు అనడానికి బదులు, సమీకరణాల రాజకీయాన్ని నేను ప్రశ్నిస్తున్నాను అంటున్నాం. రెండూ ఒకటి కాదు. మూసిన తలుపు ముందు నిలబడి, లోపల అంతా కుళ్ళే, నాకేం అక్కర్లేదు అనడం పుల్లని ద్రాక్ష కథ అవుతుంది తప్ప విమర్శ కాదు.

మన ముందుతరం ఇలా లేదు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన చేసిన పని గుర్తు తెచ్చుకోండి. నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ని తగిన సమాచారం ఇవ్వకుండా పేద స్త్రీల మీద ప్రయోగించడాన్ని ప్రశ్నిస్తూ 1986లో ఢిల్లీ సహేలీ లాంటి బృందాలతో కలిసి వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. హార్మోన్ల గురించి చదవకుండా, ప్రయోగాల పద్ధతి అర్థం చేసుకోకుండా ఆ పోరాటం సాధ్యమయ్యేదా? 'మనకు తెలియని మన చరిత్ర' రాసిన బృందమే 1991లో స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' తెచ్చింది. చరిత్రా వైద్యమూ ఒకే సంఘం చేతుల్లోంచి వచ్చాయి. పోషకాహార శాస్త్రవేత్త వీణా శత్రుఘ్న వంటి వాళ్ళు ఆ పనిలో ఉన్నారు. ఎవరూ వాళ్ళకి మైనరు ఇవ్వలేదు, క్రెడిట్లు ఇవ్వలేదు. అవసరం తోసుకొచ్చింది, గోడ దాటారు. వాళ్ళ వారసులం అని చెప్పుకునే మనం మన విభాగంలో కూర్చుని ఆ పుస్తకాల మీద సెమినార్ పత్రాలు రాస్తున్నాం.

సైన్సు తెలిసిన స్త్రీ అక్కడ ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏమిటో నీళ్ళ దగ్గరే చూపిస్తాను. ఫ్లోరైడ్ తొలగించడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన పద్ధతికి మన నల్గొండ పేరే ఉంది. పటికా, సున్నమూ కొలిచి నీళ్ళలో కలపాలి, తిప్పాలి, తేరనివ్వాలి, పైనీళ్ళు వంచుకోవాలి. చవక, కరెంటు అక్కర్లేదు, ఇంట్లో బకెట్‌తో చేసుకోవచ్చు. ఇంజనీరింగ్ లెక్కలో ఇది గొప్ప పరిష్కారం. కానీ ఇంట్లో అంటే ఎవరు? నీళ్ళు మోసుకొచ్చిన మనిషే రోజూ కొలవాలి, తిప్పాలి, గంట సేపు కనిపెట్టుకుని ఉండాలి, అడుగున తేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. పటిక మోతాదుకి లెక్క ఉంది. ఆమె గంటకి లెక్క లేదు. ఖర్చుల పట్టికలో అది సున్నా. ఈ సున్నాని పట్టుకోవాలంటే జెండర్ తెలియాలి. దాన్ని సరిచేసే కొత్త డిజైన్ గీయాలంటే రసాయనశాస్త్రం తెలియాలి. ఇవి రెండూ ఒకే బుర్రలో ఉండాలన్నదే ఆ చరిత్ర విద్యార్థిని అడిగింది. మనం ఇవ్వలేదు.

అభ్యంతరాలు నాకు తెలుసు. అందరూ సైన్సు మైనరుకి పోతే మన విభాగాలు ఖాళీ అవుతాయన్నారొక సహాధ్యాపకురాలు. పిల్లల్ని కట్టేసి కాపాడుకునే విభాగం ఇప్పటికే ఖాళీ అయినట్టు. సైన్సు వైపు పంపడమంటే మార్కెట్‌కి పంపడమేనన్నారు ఇంకొకరు. మార్కెట్ పిలిచిన చోటికి కుర్రాళ్ళు ఎటూ వెళ్తున్నారు, అక్కడ ప్రశ్నలడిగే పిల్లలే వెళ్ళడం లేదు. స్వయం ఉంది కదా, ఆన్‌లైన్‌లో చదువుకోమనండి అన్నారు మరొకరు. 2021 నుంచి ఒక సెమిస్టర్లో 40 శాతం దాకా ఆ కోర్సులతో నింపుకోవచ్చన్న మాట నిజమే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తమ్ముడి చేతిలో ఉన్నప్పుడు ఆ 40 శాతం ఎవరిది? అది చాలక, ఫోనులో చూసిన టైట్రేషన్‌తో చేతికి పని రాదు. బ్యూరెట్ పట్టుకోవాలి, ఒక్క చుక్క ఎక్కువై రంగు పాడై మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ పాడుచేసుకునే హక్కే ల్యాబు. మన పిల్లలకి లేనిది ఆ హక్కే.

నేనడిగేది ఆకాశంలో చందమామని కాదు. ఆర్ట్స్ నుంచి వచ్చే వాళ్ళకి ఫార్మసీలో ఉన్నట్టు ఒక సెమిస్టర్ వంతెన పాఠం, క్రెడిట్లతో సహా. ల్యాబు సమయం చివరి బస్సుని చూసి పెట్టడం. ఒకే కాలేజీలో పదిమంది దొరక్కపోతే పక్క కాలేజీలతో కలిపి ఒక సెక్షను. సైన్సు పిల్లలు మా దగ్గరికి వస్తే స్కోరింగ్ కోసం కాకుండా నిజంగా చదివేలా మేమూ పాఠం బిగించడం. తలుపు రెండువైపులా తెరుచుకోవాలంటే మన తలుపుకి కూడా విలువ ఉండాలి. వీటిలో సగానికి కొత్త జీవో అక్కర్లేదు. ఒక సిలబస్ సమావేశంలో మనలో ఒకరు నోరు తెరిస్తే చాలు. ఆ సమావేశాల్లో మనం టీ తాగి సంతకాలు పెట్టి వస్తున్నాం. నేనూ పెట్టాను.

మొన్న ఆ అమ్మాయి ఫోను చేసింది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి నీళ్ళు పరీక్షించడం నేర్పుతారు కదా, వాళ్ళ ఊళ్ళో ఆ ఐదుగురిలో తనొకతి అయ్యింది. కిట్టు ఇచ్చారు. నీళ్ళలో మందు చుక్కలు వేసి, వచ్చిన రంగుని కార్డు మీది రంగుతో పోల్చి చెప్పాలి. "ఫ్లోరైడు ఎక్కువైతే రంగు మారతది మేడమ్. ఎందుకు మారతదని అడిగినా. అదంతా మీకెందుకమ్మా, కార్డు చూసి చెప్పండి చాలు అన్నారు" అంది.

కార్డు చూడటానికి ఐదుగురు ఆడవాళ్ళు కావాలి. కారణం తెలుసుకోవడానికి మాత్రం ఇంటర్‌లో కెమిస్ట్రీ ఉండాలి. ఆ రాత్రి నేను, హెచ్ఈసీ మనిషిని, ఒక పాత విశ్లేషణ రసాయనశాస్త్ర పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. జిర్కోనియం అనే లోహం రంగుపదార్థంతో జతకట్టి ఉంటుంది. ఫ్లోరైడ్ వచ్చి ఆ లోహాన్ని తన వైపు లాక్కుంటుంది. జత విడిపోయి రంగు తగ్గుతుంది. ఎంత ఫ్లోరైడో అంత తగ్గుదల. అర్థం చేసుకోవడానికి నాకు మూడు గంటలు పట్టింది. పొద్దున్నే ఆమెకి ఫోనులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంతేనా మేడమ్? ఇది చెప్పడానికేనా మనకి అర్హత లేదన్నది?" అంది.

ఆమెకి నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పాల్సింది మనందరం.